మునిగిన సున్నం

మా మనవడికి బడిలో సైన్సు ప్రాజెక్టు ఇచ్చారు. పదార్థంలో వచ్చే మార్పుల్ని ఇంట్లో చేసి, ఫోన్లో వీడియో తీసి పంపాలట. మైనం కరిగించాడు, కాగితం కాల్చాడు, ఐసు ముక్కను గ్లాసులో వేసి అది నీళ్లయ్యేదాకా దాని ముందే కూర్చున్నాడు. ఆఖరుకు సున్నం మిగిలింది. నీళ్లు పోస్తే సున్నం పొగలు కక్కుతూ ఉడకాలని వాడి పుస్తకంలో ఉంది. దానికోసం ఇద్దరం నరసరావుపేట బజారంతా తిరిగాం. తమలపాకులకు రాసుకునే సున్నం ట్యూబుల్లో దొరికింది. మురుగు కాలవల పక్కన చల్లే పొడి సంచుల్లో దొరికింది. రాతి సున్నం కావాలంటే మాత్రం కొట్లో కుర్రాడు నా మొహం వంక చూసి, పుట్టీ కావాలా ప్రైమర్ కావాలా అని అడిగాడు.

చివరికి ఆ పొడే తెచ్చి గిన్నెలో వేసి నీళ్లు పోశాం. గిన్నె అడుగున తెల్లటి బురద చేరింది, అంతే. వాడు ఫోను పట్టుకుని కాసేపు ఎదురుచూసి, ఇది పనిచెయ్యట్లేదు నానమ్మా అన్నాడు. ఛార్జరు పాడైనప్పుడు కూడా అదే మాట అంటాడు. ఆ పొడి ఎప్పుడో గాలిలో తడి పీల్చేసిందనీ, ఇక ఉడకడానికి అందులో ఏమీ మిగల్లేదనీ చెప్పాను. నీకెలా తెలుసన్నాడు. తెలుసులే అని లేచి వంటింట్లోకి వెళ్లిపోయాను. ఎలా తెలుసో చెప్పాలంటే చాలా వెనక నుంచి మొదలుపెట్టాలి, వాడికి అంత తీరిక లేదు.

మా ఊరు గురజాల దారిలో ఉండేది. ఊరు ఇప్పుడూ ఉంది కానీ ఆ తెల్లటి ఊరు లేదు. ఎక్కడ తవ్వినా కింద సున్నపురాయే. ఊరి బయట వరసగా బట్టీలుండేవి. రాయీ బొగ్గూ పొరలు పొరలుగా పేర్చి అందులో కాల్చేవాళ్లు. ఏ వేళప్పుడు చూసినా ఏదో ఒక బట్టీ కాలుతూనే ఉండేది. కాలిన రాయి వాసన ఎలా ఉంటుందంటే చెప్పడం కష్టం. ఎండకు మాడిన గోడ మీద తొలి చినుకులు పడ్డప్పుడు వచ్చే వాసనకు కాస్త బొగ్గుపొగ కలిపితే దాని దగ్గరకొస్తుంది. వేపాకులు తెల్లగా ఉండేవి, మేకల వీపులు తెల్లగా ఉండేవి. సాయంత్రం బట్టీల నుంచి దిగివచ్చే ఆడవాళ్ల కనురెప్పల మీద కూడా తెలుపే. వాళ్లు కొంగుతో మొహం తుడుచుకున్నాకే ఎవరిది ఏ వయసో తెలిసేది. మా ఇంట్లో ప్రతి గిన్నెకూ మూత, ప్రతి మూత మీదా గుడ్డ. అయినా జొన్నరొట్టె మీద పండుమిరప కారం వేసుకుని, నెయ్యి చుక్క వేసుకుని నోట్లో పెట్టుకునేలోపు ఎక్కడో ఒక చోట పంటికింద గరుకు తగిలేది. ఆ గరుకు లేకపోతే అన్నం తిన్నట్టే ఉండదని మా నాన్న నవ్వేవాడు.

మాది సున్నపు కొట్టు. కొట్లో కూర్చునేది నాయనమ్మ. బట్టీల దగ్గరికి వెళ్లి సరుకు చూసుకొచ్చేది తాతయ్య. కాలిన రాళ్లు రెండు తీసుకుని ఒకదానితో ఒకటి తట్టి చూసేవాడు. సరిగ్గా కాలిన రాయి చేతికి తేలిగ్గా ఉండేది, మోత కూడా వేరు. బరువుగా ఉంటే లోపల ఇంకా పచ్చిరాయే ఉందని పక్కన పడేసేవాడు. మాట తక్కువ మనిషి. ఆ తక్కువ మాటలు కూడా ఎక్కువగా రాళ్ల గురించే ఉండేవి.

ఆయన ఎడమ కన్ను పాలు పోసినట్టు తెల్లగా ఉండేది. పెళ్లయిన కొత్తలో గుంటలో సున్నం ఉడికిస్తుంటే ఎగిరి మొహాన పడిందట. ఆ కథ నాయనమ్మ నోటి నుంచి వినని మనిషి మా వీధిలో లేడు. కొట్టుకొచ్చిన వాళ్లకు సున్నం తూచి ఇస్తూ కూడా చెప్పేది. అందరూ గుండెలు బాదుకుంటుంటే తనొక్కతే ఆముదం సీసా తెచ్చి రెండు కళ్ల నిండా పోసిందట, గుడ్డ కట్టిందట, మర్నాటిదాకా ఒక్క నీటి చుక్క తగలనివ్వలేదట. తను అలా చేసింది కాబట్టే ఒక కన్నైనా దక్కిందనీ, లేకపోతే ఈ మనిషిని జీవితమంతా చెయ్యిపట్టి నడిపించాల్సి వచ్చేదనీ చివర్లో అనేది. తాతయ్య పక్కనే ఉంటే, అంతా మీ నాయనమ్మ చేతి చలవే అని తలూపేవాడు. ఆవిడకు జీవితంలో గొప్పగా చెప్పుకునే సంగతి అదొక్కటే. పిల్లలు పుట్టడం, కొట్టు నిలబడటం అందరికీ ఉండేవే అనేది.

ఆముదం వైద్యం మా నాయనమ్మ కనిపెట్టింది కాదు. ప్రతి బట్టీ దగ్గరా మేకుకు ఆముదం సీసా వేలాడుతూ ఉండేది. సున్నం మీద నీళ్లు పడితే ఏమవుతుందో రోజూ కళ్లారా చూసే ఊరు మాది. వాన జల్లు తగిలి సున్నం బస్తా వేడెక్కి, పక్కనున్న గడ్డి అంటుకుని బండికి బండే కాలిపోయిన సంగతులు మాకు మామూలు. అలాంటి ఊళ్లో, కంట్లో సున్నం పడ్డ మనిషికి నీళ్లు పొయ్యమంటే ఎవరు పోస్తారు? బడికెళ్లని వేరే ఊరి మనిషైనా గభాలున నీళ్లతో కడుక్కునేవాడేమో గానీ మావాళ్లు మాత్రం చచ్చినా ఆ పని చెయ్యరు. ఒక కన్ను తెల్లబడినవాళ్లు మా ఊళ్లో వీధికొకరైనా ఉండేవాళ్లు. అది బట్టీ పనిలో ఉన్నదే అనుకున్నారు తప్ప ఆముదాన్ని ఎవరూ అనుమానించలేదు.

మా పెరటి గోడకు అవతల ఒక సాయిబుల ఇల్లు. ఆయన లారీలకు కమాను కట్టలు బాగుచేసే మెకానిక్. ఆయన కూతురు మా వీధిలో డిగ్రీ దాకా చదివిన మొదటి ఆడపిల్ల. మేం పుట్టకముందు నుంచీ మా ఇంట్లో తిరిగిన మనిషి. మేం ఆపా అనేవాళ్లం. ఆ ఏడు ఆమెకు మా ఆడపిల్లల బళ్లోనే సైన్సు టీచరుగా పని దొరికింది. బళ్లో టీచరు, ఇంటి దగ్గర ఆపా. ఈ రెండూ కలిసిపోయి మా అక్క ఒక్కోసారి క్లాసులో ఆపా అని పిలిచి నాలిక కరుచుకునేది.

ఆమె పాఠం చెప్పే తీరు మాకు కొత్త. మిగతా టీచర్లు పుస్తకం చదివించి కింద గీత గీయించేవాళ్లు. ఈమె వస్తువులు తెచ్చేది. కర్పూరం బిళ్ల రేకు మూతలో వేసి వేడిచేస్తే నీరు కాకుండానే ఆవిరై, పైన బోర్లించిన గరాటుకు తెల్లగా అంటుకుంది. క్లాసంతా దేవుడి గదిలా వాసనేసింది. పసుపు పూసిన కాగితం మీద సున్నపు నీళ్లు చుక్క వేస్తే ఎర్రగా మారింది. అది చూసి మేమెవరం ఆశ్చర్యపోలేదు, దిష్టి తియ్యడానికి ఆ ఎర్రనీళ్లు కలపని ఇల్లు లేదు కదా. కానీ దాని పక్కనే నిమ్మరసం చుక్క వేసి మళ్లీ పసుపు రంగు తెప్పించినప్పుడు మాత్రం నోళ్లు తెరిచాం. మర్నాడు మా వీధిలో ఒకావిడ దిష్టి తీసి గడప ముందు పెట్టిన పళ్లెంలో మా అక్క నిమ్మకాయ పిండేసింది. ఎర్రనీళ్లు పసుప్పచ్చగా మారేసరికి ఆవిడ, ఎవరో ఎదురు చేతబడి చేశారని సాయంత్రం దాకా వీధినంతా ఏకరువు పెట్టింది. మేం గోడ వెనక నోరు మూసుకుని నవ్వుకున్నాం.

ఇంకోరోజు సున్నపుతేట తీసి గ్లాసులో పోసి, బొప్పాయి ఆకు కాడ ఇచ్చి ఊదమంది. ఊదుతుంటే నీళ్లు పాలల్లే అయ్యాయి. రాయిని కాలిస్తే ఏ గాలి బయటికి పోతుందో మన ఊపిరిలోనూ అదే గాలి ఉందని చెప్పింది. అందుకే కాలిన రాయి తేలికవుతుందట. గోడకు కొట్టిన సున్నం గాలిలోంచి దాన్ని మెల్లగా తీసుకుని మళ్లీ రాయైపోతుందట. అక్క ఆ సాయంత్రం ఇంటికొచ్చి మా పడకగది గోడ మీద చెయ్యేసి చాలాసేపు నిలబడింది. తాతయ్య ఏమైందని అడిగితే, మనం వదిలిన ఊపిరి ఇందులో ఉంది తాతయ్యా అంది. తాతయ్యకు అది బాగా నచ్చింది. నాయనమ్మకు నచ్చలేదు. మన వంటింట్లో సంగతులు మనకే చెప్పడానికి ఆ పిల్లకు బళ్లో ఉజ్జోగం ఇచ్చారా అని గోడ అవతలికి వినపడేలా అంది. అవతల నుంచి ఆపా నవ్వు వినిపించింది.

ఆపా అన్నింటికన్నా ఎక్కువగా చెప్పే మాట ఒకటుంది. పుస్తకంలో ఉన్నది రాయకండి, మీ కంటితో చూసింది రాయండి, దగ్గరికెళ్లి చూడండి. మేం చాలామందిమి ఆ మాట విని ఊరుకున్నాం. అక్క ఊరుకోలేదు.

దసరా ముందు మా ఊళ్లో ఇళ్లకు వెల్ల వేసేవాళ్లు. అటు పీర్ల పండగ దగ్గరపడితే సాయిబుల ఇళ్లకూ అప్పుడే. మా పెరట్లో సున్నపు గుంట ఉండేది, చుట్టూ ఇటుకలు పేర్చి. ఇంటికి సరిపడా సున్నం మేమే ఉడికించుకునేవాళ్లం. కాలిన రాళ్లు గుంటలో పరిచి, చెంబుతో నీళ్లు చిలకరించినట్టు పోయాలి. మొదట ఏమీ కాదు. ఆ తర్వాత రాయి సన్నగా బుసకొడుతుంది, పగుళ్లిస్తుంది, ఉబ్బుతుంది, ఒక్కసారిగా ఆవిరి లేచి గుంటంతా కుతకుత ఉడుకుతుంది. ఆవిరికి ముక్కుల్లో మంట పుట్టేది. చివరికి రాయన్నది లేకుండా వెన్నలాంటి సున్నం మిగిలేది. అందులో నీలిమందు, తుమ్మబంక కలిపి, ఈతమట్ట కుంచెలతో గోడలకు కొట్టేవాళ్లు.

ఆ పని దగ్గర నాయనమ్మ పెత్తనం మామూలుగా ఉండేది కాదు. చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని గట్టు మీద నిలబడి, ఎక్కడ పొయ్యాలో ఎప్పుడు ఆగాలో చెప్పేది. ఆవిడకు పడనిది తొందర. ఒకసారి కొత్తగా వచ్చిన పనివాడు విసుగెత్తి బిందె బిందెంతా గుమ్మరించేశాడు. గుంట చల్లబడిపోయింది. పైపైన కరిగింది తప్ప లోపల రాళ్లు రాళ్లలాగే ఉండిపోయాయి. సున్నాన్ని ముంచి చంపాడు అని ఆవిడ అతన్ని ఆ ఏడాదంతా తిట్టిపోసింది. మునిగిన సున్నం గోడకెక్కదు, ఎక్కినా గరుకు తేలుతుంది. అది మాకు పలకా బలపం పట్టకముందే తెలిసిన పాఠం.

పిల్లలకు ఆ గుంట దగ్గర ఇంకో లాభం ఉండేది. చిలగడదుంపలు రేకుడబ్బాలో పెట్టి, మూత బిగించి, తాడుతో గుంటలోకి వేలాడదీస్తే పొయ్యి అక్కర్లేకుండా ఉడికేవి. నాయనమ్మ చూస్తే వీపు పగిలేది. ఆవిడ కంటపడకుండా ఎప్పుడు దించాలో ఎప్పుడు లాగాలో మాకు బాగా తెలుసు. వేడివేడి దుంపను ఊదుకుంటూ తింటుంటే, దాని తియ్యదనానికి ఆ ఆవిరి వాసన తోడయ్యేది. అలాంటి దుంప తర్వాత ఎన్ని రకాల పొయ్యిల మీద ఉడికించినా రాలేదు.

ఆ ఏడు ఒక ఆదివారం పొద్దున గుంటలో నీళ్లు పడ్డాయి. నాన్నా పనివాడూ చెంబులందిస్తున్నారు. నాయనమ్మ గట్టు మీద ఉంది. దుంపల మీద అక్కకు ధ్యాస లేదు. రాయి ఎక్కడ మొదట పగులుతుందో చూడాలని గుంట అంచున గొంతుకూర్చుని ముందుకు వంగింది. నేను దుంపల డబ్బా పట్టుకుని గోడవారన నిలబడ్డాను. వెనక్కి రావే అని నాయనమ్మ అనడం, గుంటలో రాయి టప్పుమని పేలడం ఒక్కసారే జరిగాయి. అక్క అరవలేదు. రెండు చేతులతో కుడికన్ను మూసుకుని వెనక్కి కూలబడింది. ఆ తర్వాత అరిచింది.

నాన్న ఎత్తుకొచ్చి బావిగట్టు మీద కూర్చోబెట్టాడు. నాయనమ్మ అప్పటికే లోపలికి పరిగెత్తి ఆముదం సీసాతో వస్తోంది. ఆవిడలో భయం కనపళ్లేదు. ఇది ఆవిడకు తెలిసిన పని, ఒకసారి చేసి నెగ్గిన పని. బిరడా పంటితో లాగేసింది. ఈలోగా అక్క అరుపు విని ఆపా పెరటి గోడ దూకి వచ్చింది, బట్టలుతుకుతున్నట్టుంది, మోచేతుల దాకా సబ్బు నురగ. సంగతి ఒక్క చూపులో అర్థమైంది ఆమెకు. నాయనమ్మ చేతికి అడ్డం పడి, నూనె వద్దు, నీళ్లు పొయ్యండి అంది.

అందరం ఆమె వంక చూశాం. ఆ పెరట్లో ఉన్నవాళ్లలో ఒక్కరికి కూడా అది మతి ఉన్న మాటలా అనిపించలేదు. చిన్నదాన్ని, నాకూ అనిపించలేదు. పక్కనే గుంటలో సున్నం నీళ్లు తాగి కుతకుతలాడుతోంది.

"ఏందే నువ్వనేది. సున్నం మీద నీళ్లా? పిల్ల కన్ను ఉడికిపోద్ది" అంది నాయనమ్మ.

ఆపా బళ్లో చెప్పినట్టు చెప్పబోయింది. క్షారమంది, కరగడమంది, నూనె వేస్తే సున్నం రెప్పకింద అతుక్కుని అలాగే తినేస్తుందంది. మాటలు తడబడుతున్నాయి. దగ్గరికెళ్లి చూడమని చెప్పింది తనే కదా, ఆ సంగతి ఆమె మొహంలో తెలుస్తూనే ఉంది. నాయనమ్మ ఆ మాటలేవీ చెవిన పెట్టలేదు. బళ్లో మాటలు బళ్లో చెప్పుకోమంది. నీ ముక్కు తుడిచినదాన్ని, నాకు సున్నం నేర్పుతావా అంది. ఈ చేత్తోనే ఒక మనిషి కన్ను నిలబెట్టానంది. అక్క తలను తన పొట్టకేసి అదుముకుని సీసా ఎత్తింది.

అప్పుడు ఆపా వాదించడం మానేసింది. నాయనమ్మ ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుంది.

"అవ్వా, ఒక్క మాట చెప్పు. గుంటలో బిందెలకి బిందెలు ఒకేసారి గుమ్మరిస్తే ఏమవుద్ది?"

"మునిగి చస్తది." ఆ జవాబు నాయనమ్మ ఆలోచించి చెప్పింది కాదు, నోటికి అలవాటై వచ్చేసింది.

"ఉడుకుద్దా?"

"చచ్చింది ఎట్టా ఉడుకుద్దే?"

"చెంబుడు పోస్తే ఉడుకుద్ది అవ్వా, నువ్వన్నది నిజమే. బావిలో నీళ్లన్నీ పోద్దాం. దాని కంట్లో సున్నాన్ని ముంచి చంపుదాం."

నాయనమ్మ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఆవిడ ఆపా మొహం చూడలేదు, అక్క మొహమూ చూడలేదు, గుంట వంక చూసింది. అంతలో గిలక కిర్రుమన్న చప్పుడు వినపడింది. తాతయ్య ఎప్పుడొచ్చాడో, ఎవరినీ ఏమీ అడగకుండా చేద బావిలోకి వదిలేశాడు. నాయనమ్మ సీసా కింద పెట్టేసింది.

ఆపా అక్క కనురెప్ప తిప్పి, తడి గుడ్డ కొసతో తెల్లటి పలుకుల్ని ముందు తీసేసింది. తర్వాత ముక్కు వైపు నుంచి చెవి వైపుకు నీళ్లు పారేట్టు ధారగా పోయడం మొదలుపెట్టింది. నాన్న తోడాడు, పనివాడు తోడాడు, మళ్లీ నాన్న తోడాడు. నేను ఖాళీ బిందెలు అందించాను. నాయనమ్మ అక్క తలను ఒళ్లో పెట్టుకుని, కన్ను మూసుకోకుండా రెండు వేళ్లతో రెప్పల్ని విప్పి పట్టుకుంది. అక్క మొదట్లో తన్నుకుంది, తర్వాత ఏడ్చింది, తర్వాత చలికి వణికింది. చాలా బిందెలయ్యాక కూడా ఆపా ఇంకా అనే అంటోంది. పెరడంతా నీళ్లు నిలిచి పొంగి గుంటలోకి పారాయి. గుంటలో సున్నం చల్లగా మునిగిపోయింది. ఆ దసరాకు మా గోడలన్నీ గరుకు తేలాయి. నాయనమ్మ ఒక్క మాట కూడా అనలేదు.

తడిబట్టలతోనే అక్కను నరసరావుపేట బస్సెక్కించారు. నన్ను ఇంట్లో వదిలేస్తే ఏడుస్తానని నన్నూ తీసుకెళ్లారు. ఆపా వచ్చింది, నాయనమ్మ వచ్చింది. కంటి డాక్టరు టార్చి వేసి చాలాసేపు చూశాడు. మందు చుక్కలు వేసి కట్టు కట్టాడు. ఎర్రదనం కొన్నాళ్లుంటుంది, చూపుకేం భయం లేదు అన్నాడు. మీ ఊరి నుంచి వచ్చేవాళ్లెవరూ ఇలా కడిగించుకుని రారే, ఎవరు పోశారు నీళ్లు అని అడిగాడు. ఆపా వెంటనే నాయనమ్మను చూపించి, ఈ అవ్వే సార్ అంది. డాక్టరు మంచి పని చేశావమ్మా అన్నాడు.

నాయనమ్మ కుర్చీ అంచున కూర్చుని ఉంది. ఆ మెచ్చుకోలు ఆవిడకు పట్టలేదు. కొంగు సర్దుకుని, నీళ్లు కాకుండా ఆముదం పోసుంటే ఏమయ్యేదయ్యా అని అడిగింది. డాక్టరుకు మా ఇంటి కథ ఎలా తెలుస్తుంది? చేతులు తుడుచుకుంటూ, మామూలుగా, తెల్లబడిపోయేది, మీ ఊరి నుంచి అలా తెల్లబడ్డ కళ్లేగా నా దగ్గరికొచ్చేవి అన్నాడు. ఆపా తల వంచుకుంది. నాయనమ్మ సరేనన్నట్టు తలూపింది. దారిలో మాకు బొరుగుల పొట్లాలు కొనిపెట్టింది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఊరొచ్చేదాకా బయటికి చూస్తూనే ఉంది. బయట మిరప తోటలు, పత్తి చేలు తప్ప ఏమీ లేవు.

ఆ తర్వాత రోజుల్లో పెద్దగా ఏమీ మారలేదు, కానీ తాతయ్య కన్ను కథ కొట్లో ఇక వినపడలేదు. తెలిసినవాళ్లెవరైనా గుర్తుచేస్తే ఆవిడ తక్కెడ వంక చూస్తూ వేరే సంగతి ఎత్తేది. ఒకరోజు ఆపా బట్టీల దగ్గరికెళ్లి నీళ్ల తొట్లు పెట్టుకోమని చెప్పడానికి బయల్దేరితే, నీ మాట ఎవరు వింటారే అంటూ నాయనమ్మే ముందు నడిచింది. నేను వెంటపడ్డాను. బట్టీ బట్టీకీ వెళ్లి, కంట్లో సున్నం పడితే బిందెలకి బిందెలు పోసి ముంచి చంపండి అని చెప్పింది. ఆపా చెబితే నవ్వేవాళ్లు, నాయనమ్మ చెబితే విన్నారు. ఒక బట్టీ దగ్గర మాత్రం ముసలాయన ఒకడు, ఆముదం పోసే కదమ్మా మీ ఆయన కన్ను నిలబెట్టావు, ఇదేందిప్పుడు అని అడిగాడు. వెటకారంగా అడగలేదు, తెలుసుకుందామనే అడిగాడు. నాయనమ్మ జవాబివ్వకుండా పక్క బట్టీకి నడిచింది. ఆవిడ మాటకు మాట చెప్పకుండా వెళ్లిపోవడం నేను చూడటం అదే మొదలు.

అక్క కట్టు విప్పిన రోజు సాయంత్రం అరుగు మీద అందరం కూర్చున్నాం. అక్క కన్ను ఇంకా కాస్త ఎర్రగా ఉంది. ఒక కన్ను మూసి ఒక కన్నుతో, మళ్లీ ఆ కన్ను మూసి ఈ కన్నుతో ఎదురింటి డాబా అంచు చూస్తోంది. నాయనమ్మ తాతయ్య కోసం తమలపాకుకు సున్నం రాస్తోంది. రాసి చుట్టకుండా ఆకును చేతిలోనే పెట్టుకుంది.

"ఆ రోజు నీకు నీళ్లు పోసుంటే బాగుండేది" అంది.

తాతయ్య తల తిప్పి, మంచి కన్నుతో ఆవిణ్ణి చూశాడు. ఆయన ఎడమ పక్కన కూర్చున్నవాళ్లను చూడాలంటే అలా తల మొత్తం తిప్పాల్సిందే, ఆవిడ ఎప్పుడూ ఆ పక్కనే కూర్చునేది.

"నీళ్లు యాడున్నయ్యే పొయ్యటానికి? ఆ ఏడు మన బావి ఎండిపోలా?"

నేను నోరు తెరిచాను. మా బావి ఎండిపోగా చూసినవాళ్లు ఊళ్లో ఎవరూ లేరు. ఎంత కరువొచ్చినా వీధి వీధంతా మా పెరట్లోకే బిందెలు తెచ్చుకునేది. నేను ఆ మాట అనేలోపే అక్క నా తొడ మీద గట్టిగా గిచ్చింది. నాయనమ్మ కాపురానికి వచ్చిన రోజు నుంచి ఆ బావిలో నీళ్లు తోడుతోంది.

"అవును, ఎండిపోయింది" అంది నాయనమ్మ. ఆకు చుట్టి ఆయన చేతికిచ్చింది.

తాతయ్య అబద్ధం చెప్పాడని నాకు కోపమొచ్చింది. గిచ్చినందుకు అక్క మీదా కోపమొచ్చింది. పదార్థం గురించి ఆ ఏడు నేర్చుకున్నదంతా, ఏది కరుగుతుందో, ఏది కాలితే ఏమవుతుందో, ఇప్పటికీ మా మనవడికి పుస్తకం చూడకుండా చెప్పగలను. నాయనమ్మకు అప్పుడు ఏం కావాలో మాత్రం ఆ అరుగు మీద తాతయ్యకూ అక్కకూ తెలిసింది, నాకు తెలియలేదు. తెలిసేసరికి ఆవిడ లేదు.